మీటరు ముందొచ్చింది, నిబంధన తర్వాతొచ్చింది: స్మార్ట్ గ్రిడ్‌పై ఒక సంభాషణ

హోస్ట్: అందరికీ నమస్కారం. స్మార్ట్ గ్రిడ్ అనగానే చాలామందికి గోడకు బిగించే కొత్త మీటరే గుర్తొస్తుంది. వెంటనే బిల్లు పెరుగుతుందేమోనన్న టెన్షన్ కూడా వస్తుంది. ఇవాళ మీటరు దగ్గరే ఆగిపోకుండా, దాని వెనకున్న విధానాల గురించి మాట్లాడుకుందాం. మన అతిథి విద్యుత్ పంపిణీలో ఇంజనీరుగా మొదలై, తర్వాత టారిఫ్‌లు (కరెంటు ధరలు), నియంత్రణ వైపు వచ్చినవారు. సర్, సూటిగానే అడుగుతాను. టెక్నాలజీ ఉంది, డబ్బూ పెడుతున్నారు. అయినా ఇన్ని దేశాల్లో ఈ పని ఎందుకు తడబడుతోంది?

అతిథి: నమస్కారం అమ్మా. పరికరం సంపాదించడం పెద్ద పనేం కాదు. టెండరు పిలిస్తే వస్తుంది, మనుషులొచ్చి బిగించి వెళ్తారు. ఆ పరికరం పోగుచేసే సమాచారం ఎవరిది, దానివల్ల ఆదా అయ్యే డబ్బు ఎవరికి చేరాలి అన్నవి మాత్రం టెండరులో తేలవు. అవి చట్టసభలో, కరెంటు ధరలు, నిబంధనలు చూసే నియంత్రణ మండలిలో తేలాలి. చాలాచోట్ల ముందు బిగించేద్దాం, ఆ సంగతులు తర్వాత చూద్దాం అనుకున్నారు. అలా వాయిదా వేసినందుకు అయిన ఖర్చు గురించి జనానికి తెలియాలన్నదే నా తాపత్రయం.

హోస్ట్: కొత్తగా వినేవాళ్ల కోసం, పాత గ్రిడ్‌కీ దీనికీ తేడా కొంచెం చెప్పండి.

అతిథి: పాత పద్ధతిలో కరెంటు ఒకే దిక్కుగా వెళ్లేది. విద్యుత్ కేంద్రం నుంచి పెద్ద లైన్లు, సబ్‌స్టేషన్, అక్కడి నుంచి ఒక ప్రాంతానికి వెళ్లే లైను అయిన ఫీడరు, ట్రాన్స్‌ఫార్మరు, ఆ తర్వాత ఇల్లు. సబ్‌స్టేషన్ దాటాక లైను మీద ఏం జరుగుతోందో సంస్థకు దాదాపు ఏమీ కనపడదు. కరెంటు పోయిన సంగతి కూడా ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబితేనే తెలిసేది. ఇప్పుడు ఇళ్ల మీద సోలార్ ఉంది, బ్యాటరీలున్నాయి, రాత్రంతా చార్జింగ్ పెట్టే కార్లున్నాయి. కరెంటు ఇంట్లోంచి లైను మీదికి ఎదురు కూడా వస్తోంది. అందుకే ఇన్నాళ్లూ కనపడని ఆ చివరి భాగంలో సెన్సర్లు, దూరం నుంచి నడిపే స్విచ్‌లు, కబురు పంపే మీటర్లు కావాల్సి వచ్చాయి. ఇదేదో హంగు కోసం చేస్తున్న పని కాదు, దీన్ని తప్పించుకోలేం. అందుకే దాన్ని సరిగ్గా చేయాలంటున్నాను.

హోస్ట్: నిబంధన ఆలస్యమైతే ఖర్చు పెరుగుతుందన్నారు. ఒక ఉదాహరణ చెప్పండి.

అతిథి: జర్మనీలో జరిగింది చెబుతాను. ఇంజనీర్లు దీన్ని ‘50.2 హెర్ట్జ్ సమస్య’ అంటారు. యూరప్ ఖండంలోని గ్రిడ్ 50 హెర్ట్జ్ మీద నడుస్తుంది, అంటే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఈ లెక్కనే ఫ్రీక్వెన్సీ అంటారు. ఉత్పత్తి వాడకాన్ని మించితే ఫ్రీక్వెన్సీ కాస్త పెరుగుతుంది, చాలకపోతే తగ్గుతుంది. ఇళ్ల మీద సోలార్ అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో ఒక నిబంధన పెట్టారు. ఫ్రీక్వెన్సీ 50.2 దాటిందంటే గ్రిడ్‌లో ఏదో తేడా ఉన్నట్టు, కాబట్టి ప్యానెల్ కరెంటును గ్రిడ్‌కి సరిపోయేలా మార్చే ఇన్వర్టరు తనంతట తానే వెంటనే ఆగిపోవాలి అని. అప్పటికి అది సబబైన నిబంధనే. అక్కడొకటి ఇక్కడొకటి ప్యానెల్ ఉన్నప్పుడు అవి ఆగినా ఎవరికీ తెలియదు.

హోస్ట్: తర్వాత సోలార్ విపరీతంగా పెరిగింది.

అతిథి: పెరిగింది, నిబంధన మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఊహించండి. మంచి ఎండ కాస్తున్న మధ్యాహ్నం, వాడకం తక్కువ, ఫ్రీక్వెన్సీ మెల్లగా 50.2కి చేరింది. ఆ క్షణంలో దేశం మొత్తమ్మీద ఉన్న ఇన్వర్టర్లన్నీ ఒకేసారి ట్రిప్ అవుతాయి. ఒకటి ముందు, ఒకటి వెనక కాదు, అన్నీ ఒకేసారి. యూరప్ గ్రిడ్‌లో అకస్మాత్తుగా ఉత్పత్తి పోతే ఆదుకోవడానికి ఉంచే రిజర్వు 3,000 మెగావాట్లు. ఆ సెట్టింగు మీద నడుస్తున్న సోలార్ అంతకు ఎన్నో రెట్లు. ఫ్రీక్వెన్సీ ఎక్కువైందని ఆగిన ఇన్వర్టర్లే, మరుక్షణం ఫ్రీక్వెన్సీని పాతాళానికి తోసేస్తాయి. కాపాడటానికి పెట్టిన నిబంధనే ఖండాన్ని చీకట్లోకి నెట్టగలదని తేలింది.

హోస్ట్: మరి ఏం చేశారు?

అతిథి: 2012లో ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు తెచ్చింది. 10 కిలోవాట్లు దాటిన సోలార్ ఏర్పాట్లు 3 లక్షలకు పైగా ఉన్నాయి. ఒక్కో దాని దగ్గరికి టెక్నీషియన్ వెళ్లి, ఇన్వర్టరు తెరిచి, సెట్టింగు మార్చాలి. కొన్నింటిలో సాఫ్ట్‌వేర్ మారిస్తే సరిపోయింది, అది కుదరని వాటికి వేరే మార్గాలు చూడాల్సి వచ్చింది. పూర్తవడానికి ఏళ్లు పట్టింది. ఖర్చు ఎటు తిరిగినా కరెంటు బిల్లుల్లోకే వచ్చింది. కొత్త నిబంధన ఎంత చిన్నదో చూడండి. 50.2 దాటితే ఒక్కసారిగా ఆగిపోకు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఉత్పత్తి మెల్లగా తగ్గించుకో, అంతే. ఇది మొదటి రోజే రాసి ఉంటే ఇన్వర్టరు తయారయ్యేటప్పుడే ఆ సెట్టింగుతో వచ్చేది, పైసా అదనంగా అయ్యేది కాదు.

హోస్ట్: 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మొత్తం కరెంటు పోయింది కదా. అదీ ఇలాంటిదేనా? అప్పట్లో సోలార్ వల్లే పోయిందని చాలామంది తేల్చేశారు.

అతిథి: అంత తేలిగ్గా తేల్చేయడం తప్పు. ఆ రోజు సమస్య ఫ్రీక్వెన్సీతో మొదలవలేదు, వోల్టేజీతో మొదలైంది. వోల్టేజీ అదుపు తప్పి పెరిగింది. పెరిగిన వోల్టేజీకి కొన్ని ఉత్పత్తి కేంద్రాలు ట్రిప్ అయ్యాయి. అవి పోయేసరికి వోల్టేజీ ఇంకా పెరిగి, మరికొన్ని పోయాయి. సోలార్, విండ్ కేంద్రాల్లోని ఎలక్ట్రానిక్స్‌కి వోల్టేజీని సర్దే సత్తా ఉంది. కానీ అప్పటి నిబంధన ప్రకారం అవి ఒక స్థిరమైన పవర్ ఫ్యాక్టర్ (లైనులోని మొత్తం పవర్‌లో నిజంగా పనిచేసే భాగం ఎంతన్న నిష్పత్తి) దగ్గర నడవాలి, అంతే. వోల్టేజీ చూసుకుంటూ సర్దుకోవడం వాటి బాధ్యత కాదు. ఆ నిబంధన మార్చాలన్న ప్రతిపాదన అప్పటికే పెండింగులో ఉంది. ప్రమాదం జరిగిన తర్వాత జూన్‌లో ఆమోదించారు. మరోవైపు వోల్టేజీ చూడాల్సిన సంప్రదాయ కేంద్రాలు కూడా చేయాల్సినంత చేయలేదని స్పెయిన్ ప్రభుత్వ నివేదికే చెప్పింది. అంటే సత్తా ఉన్నవాళ్లకి పని అప్పగించలేదు, పని అప్పగించినవాళ్లు పూర్తిగా చేయలేదు.

హోస్ట్: ఇక డబ్బు సంగతికి వద్దాం. కరెంటు సంస్థలకు ఈ ఆధునికీకరణ మీద నిజంగా ఆసక్తి ఉందా?

అతిథి: ఇది సంస్థ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న కాదమ్మా. వాళ్లకు మనం ఎలా డబ్బు ఇస్తున్నామన్న ప్రశ్న. పంపిణీ వ్యాపారం గుత్తాధిపత్యం కాబట్టి చాలా దేశాల్లో నియంత్రణ మండలే ఆదాయం నిర్ణయిస్తుంది. పాత సూత్రం ఏమిటంటే, సంస్థ పెట్టిన పెట్టుబడి మీద ఇంత శాతం రాబడి, దానికి తోడు నిర్వహణ ఖర్చు. నిర్వహణ ఖర్చు ఎంతైతే అంతే తిరిగొస్తుంది, దాని మీద లాభం ఉండదు. లాభమంతా పెట్టుబడి మీదే. 1962లోనే అవెర్చ్, జాన్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీని గురించి రాశారు. ఇలాంటి నియంత్రణలో సంస్థ అవసరానికి మించి పెట్టుబడి వైపు మొగ్గుతుందని.

హోస్ట్: స్మార్ట్ గ్రిడ్‌కి ఇది ఎక్కడ అడ్డొస్తుంది?

అతిథి: ఒక ఫీడరు తీసుకోండి. ఏడాదిలో కొన్ని సాయంత్రాలు, ఓ రెండు గంటల పాటు, దాని మీద లోడు హద్దు మీరుతోంది. దీనికి రెండు దారులు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, లైను కెపాసిటీ పెంచడం ఒకటి. లేదంటే ఆ ఫీడరు కింద ఉన్నవాళ్లకు కొంత డబ్బిచ్చి, ఆ రెండు గంటలు కారు చార్జింగ్ ఆపించడం, వాళ్ల బ్యాటరీల నుంచి కరెంటు తీసుకోవడం. రెండోది చాలా సందర్భాల్లో చవక. కానీ పాత సూత్రంలో మొదటిదాని మీద నలభై ఏళ్ల పాటు రాబడి వస్తుంది. రెండోది ఖాతాలో ఖర్చుగా పడుతుంది, లాభం సున్నా. మీరు ఆ సంస్థ మేనేజరైతే ఏది ఎంచుకుంటారు?

హోస్ట్: ట్రాన్స్‌ఫార్మరే కొంటాను సర్.

అతిథి: ఎవరైనా అదే చేస్తారు. అందుకే బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ 2013 నుంచి ఈ లెక్క మార్చింది. పెట్టుబడి, నిర్వహణ ఖర్చు అని వేరు చేయకుండా రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా చూస్తారు. అందులో ముందే ఖాయం చేసిన భాగం మీద రాబడి ఇస్తారు. ఇనుము కొన్నా, సాఫ్ట్‌వేర్ కొన్నా, వినియోగదారుడికి డబ్బిచ్చి లోడు తగ్గించుకున్నా సంస్థకు ఒకటే. దాంతో పాటు కరెంటు కోతలు ఎన్ని తగ్గాయి, కొత్త కనెక్షన్ ఎంత త్వరగా ఇచ్చారు అన్నవాటికి బహుమతులు, జరిమానాలు. ఈ పద్ధతిలోనూ లోపాలున్నాయి. కంపెనీలకు లాభం మరీ ఎక్కువ మిగిలిందని విమర్శలొచ్చాయి, తర్వాతి విడతలో బిగించారు. అయినా దారి మాత్రం ఇదేనని నా నమ్మకం. సంస్థను ఏం కొన్నావని కాకుండా ఏం సాధించావని అడగాలి.

హోస్ట్: మీటర్ల ఖర్చు జనం మీద పడి, లాభం రాలేదన్న ఫిర్యాదు చాలాచోట్ల ఉంది.

అతిథి: ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం చూడండి. స్మార్ట్ మీటర్లు అందరికీ తప్పనిసరి చేస్తూ 2006లో నిర్ణయించారు. 2009 నుంచి బిగించారు. చార్జీలు బిల్లులో పడటం మొదలైంది. అసలు లాభం రావాల్సింది వేళను బట్టి మారే టారిఫ్ నుంచి. అందరూ ఎక్కువగా వాడే పీక్ సమయంలో వాడకం తగ్గితే కొత్త లైన్లు కట్టాల్సిన పని తగ్గుతుందన్నది అంచనా. కానీ జనం ఆందోళన చెందేసరికి 2010లో ఆ టారిఫ్‌ని ఆపేశారు. మీటర్లు మాత్రం బిగిస్తూనే ఉన్నారు. 2015లో ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ నివేదిక వచ్చింది. మొదట్లో లాభమని చెప్పిన పథకం వినియోగదారులకు నికరంగా నష్టంగా మారిందని, వేళను బట్టి మారే టారిఫ్‌లోకి వెళ్లినవాళ్లు అతి కొద్దిమందేనని అందులో ఉంది.

హోస్ట్: అంటే జనం దృష్టిలో అది రీడింగు తీసే మనిషి రాకుండా చేసిన మీటరు, అంతే.

అతిథి: అంతే. ఆదా సంస్థకు, చార్జీ వినియోగదారుడికి. ఇటలీలో ఇలా జరగలేదు. అక్కడ అతిపెద్ద సంస్థ 2001లో మొదలుపెట్టి, ఐదారేళ్లలో దాదాపు 3 కోట్ల మీటర్లు బిగించింది. ఎలా కుదిరింది? ఖర్చు పెట్టింది వాళ్లే, ఆదా అయ్యిందీ వాళ్లకే. రీడింగుకి మనిషిని పంపనక్కర్లేదు, దొంగ కనెక్షన్లు పట్టుబడతాయి, కాంట్రాక్టు లోడు పెంచాలన్నా తగ్గించాలన్నా ఆఫీసులోంచే చేయొచ్చు. పైగా మీటరు కబుర్లు కరెంటు తీగ మీదుగానే వెళ్లాయి, వేరే నెట్‌వర్క్ కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది.

హోస్ట్: బ్రిటన్‌లో మాత్రం ఆ పని ఎన్నో ఏళ్లు సాగింది కదా?

అతిథి: అక్కడ మీటర్లు బిగించే బాధ్యత నెట్‌వర్క్ సంస్థకు ఇవ్వలేదు. కరెంటు అమ్మే రిటైల్ కంపెనీలకు ఇచ్చారు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు వేర్వేరు కంపెనీల మనుషులు వేర్వేరు రోజుల్లో వస్తారు. అది అలా ఉంచితే, మొదటి తరం మీటర్లు ఏ కంపెనీ సిస్టమ్‌తో ఆ కంపెనీకే మాట్లాడేవి. వినియోగదారుడు కంపెనీ మారాడనుకోండి, మీటరు మూగబోయేది. మళ్లీ పాతకాలంలోలా రీడింగు చూసి చెప్పుకోవాలి. పోటీ ఉంటే జనానికి మేలు, కంపెనీ మారండి అని ప్రభుత్వమే చెబుతోంది. మారినవాడి మీటరు పనిచేయడం మానేస్తోంది. అందరికీ ఉమ్మడి కమ్యూనికేషన్ నెట్‌వర్క్ తర్వాత వచ్చింది, పాత మీటర్లను ఒక్కొక్కటిగా దాని మీదికి మార్చుకుంటూ వచ్చారు. ఇప్పుడింకో సమస్య. చాలా మీటర్లను పాత తరం మొబైల్ నెట్‌వర్క్‌లైన 2జీ, 3జీ మీద నడిచేలా చేశారు, 2033 కల్లా ఆ నెట్‌వర్క్‌లు పూర్తిగా మూతపడతాయి. అప్పటికల్లా కమ్యూనికేషన్ భాగం మార్చాలి. ట్రాన్స్‌ఫార్మరు నలభై ఏళ్లు ఉంటుంది. మొబైల్ టెక్నాలజీ అన్నేళ్లు ఉండదు. ఈ తేడాను టారిఫ్ లెక్కల్లోకి తీసుకునే అలవాటు నియంత్రణ మండళ్లకు ఇంకా రాలేదు.

హోస్ట్: ఇప్పుడు నన్ను బాగా కలవరపెట్టే విషయం అడుగుతాను. మీటరు నా ఇంటి గురించి ఏం చెప్పేస్తుంది?

అతిథి: రీడింగు ఎంత తరచుగా తీస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పాత మీటరు నెలకో అంకె ఇచ్చేది. పదిహేను నిమిషాలకోసారి అంటే రోజుకు 96 అంకెలు, ఏడాదికి 35,040. ఆ అంకెల్ని వరసగా గీత గీస్తే ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి పడుకున్నారు, ఇంట్లో ఎవరూ లేని రోజులేవి, రాత్రి మధ్యలో ఎవరైనా లేస్తున్నారా అన్నది కనిపిస్తుంది. సెకన్ల చొప్పున తీస్తే ఇంకా లోతుకు పోవచ్చు. 1980లలో అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో జార్జ్ హార్ట్ అనే పరిశోధకుడు ఇంటి మెయిన్ దగ్గర ఒకేచోట కొలిచి, లోపల ఏ పరికరం ఎప్పుడు ఆన్ అయిందో చెప్పే పద్ధతి కనిపెట్టాడు. ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయితే లోడు గీత ఒక మెట్టు ఎక్కుతుంది, ఆగితే అంతే మెట్టు దిగుతుంది. హీటరు మెట్టు వేరు, మోటారు మెట్టు వేరు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, దీన్ని నిఘాకి వాడే ప్రమాదం ఉందని 1989లో పత్రికలో రాసి హెచ్చరించింది కూడా ఆయనే. కనిపెట్టినవాడే ముందు హెచ్చరించాడు, చట్టాలు చేసేవాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత విన్నారు.

హోస్ట్: ఎక్కడ విన్నారు?

అతిథి: నెదర్లాండ్స్‌లో. మీటరు అందరికీ తప్పనిసరి, కాదంటే జరిమానా, జైలు అన్నంత గట్టిగా బిల్లు తెచ్చారు. అది వ్యక్తిగత జీవిత హక్కుకు భంగమని ఒక విశ్వవిద్యాలయం అధ్యయనం చేసి చెప్పింది. 2009లో ఆ దేశ సెనేట్ బిల్లును ఒప్పుకోలేదు. దాంతో చట్టం మార్చారు. మీటరు వద్దనే వీలు, లేదా మీటరు పెట్టించుకుని రీడింగులు దూరం నుంచి తీయకుండా ఆపమని చెప్పే వీలు ఇచ్చారు. విచిత్రమేమీ కాదు గానీ గమనించాల్సిన విషయం, వద్దనే హక్కు వచ్చాక కూడా అత్యధికులు మీటరు పెట్టించుకున్నారు. జనం అడిగింది ముందుగా ఒక మాట అడగమని, అంతే.

హోస్ట్: కోర్టులు ఏమన్నాయి?

అతిథి: అమెరికాలో నేపర్‌విల్ అనే నగరం మీద కొందరు కేసు వేశారు. అక్కడ కరెంటు నగరపాలక సంస్థే ఇస్తుంది, మీటర్లు పదిహేను నిమిషాలకోసారి రీడింగు తీస్తాయి. 2018లో అప్పీలు కోర్టు చెప్పింది, ఇలా తీయడం రాజ్యాంగం ప్రకారం ఇంటి సోదా కిందికే వస్తుందని. అయితే ఈ సోదా సమంజసమైనదే అంది, ఎందుకంటే దీని ఉద్దేశం నేర విచారణ కాదు. ఇంకా తక్కువ వ్యవధిలో తీసినా, పోలీసులకు సులువుగా అందేలా ఉన్నా తమ తీర్పు మారొచ్చని కూడా హెచ్చరించింది. నాకు ఇది చాలా తెలివైన తీర్పు అనిపిస్తుంది. ఎన్ని నిమిషాలకోసారి అన్న అంకెను ఏదో సాంకేతిక వివరంగా భావించి ఇంజనీర్లకు వదిలేస్తాం. అది పౌరుడి హక్కుకు గీసిన గీత.

హోస్ట్: కానీ గ్రిడ్ నడపాలంటే ఆ వివరాలు కావాలి కదా సర్?

అతిథి: ఏ పనికి ఏది కావాలో విడివిడిగా అడగాలి. బిల్లు వేయడానికి, మామూలు టారిఫ్ అయితే, నెలకో అంకె చాలు. వేళను బట్టి టారిఫ్ అయితే ఆ వేళల మొత్తాలు చాలు. అవి మీటరులోనే కూడి పంపొచ్చు. ట్రాన్స్‌ఫార్మరు మీద లోడు తెలియాలంటే దాని కింద ఉన్న ఇళ్లన్నిటి మొత్తం చాలు, ఫలానా ఇల్లు ఎంత వాడిందో అక్కర్లేదు. కరెంటు పోయిందా లేదా తెలియడానికి వాడకం వివరమే అక్కర్లేదు. అన్నీ తీసి ఒకచోట పోసుకుందాం, ఎప్పుడో పనికొస్తాయి అన్న అలవాటు వల్లే సమస్య. ఇంకో వైపు కూడా చెప్పాలి. తన వివరాలు తనకు తేలిగ్గా దొరకడం వినియోగదారుడి హక్కు. సోలార్ పెట్టుకోవాలా, ఏ టారిఫ్ తీసుకోవాలి అని లెక్క వేసుకోవాలంటే అవి చేతికందాలి. సంస్థలు బయటివాళ్ల విషయంలో కన్నా సొంత వినియోగదారుడి విషయంలోనే ఎక్కువ బిగుసుకుని కూర్చుంటాయి.

హోస్ట్: టారిఫ్ మాట వచ్చింది కాబట్టి అడుగుతాను. క్షణక్షణం మారే ధర పెడితే జనం తెలివిగా వాడతారని ఆర్థికవేత్తలు అంటారు.

అతిథి: కొంతవరకు నిజం. పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో చూశాం. మంచు తుఫాను వచ్చింది, విద్యుత్ కేంద్రాలు, గ్యాస్ సరఫరా గడ్డకట్టి ఆగిపోయాయి. హోల్‌సేల్ మార్కెట్ ధర గరిష్ఠ పరిమితికి చేరి రోజుల తరబడి అక్కడే ఉంది. మెగావాట్ అవర్‌కు 9,000 డాలర్లు, అంటే యూనిట్‌కు 9 డాలర్లు. మామూలు రోజుల్లో అది సెంట్లలో ఉంటుంది. హోల్‌సేల్ ధరనే నేరుగా కట్టే ప్లాన్‌లో ఉన్న కుటుంబాలకు కొద్ది రోజులకే వేల డాలర్ల బిల్లులొచ్చాయి. గడ్డకట్టే చలిలో హీటరు ఆపమని ఏ ధర చెప్పగలదు? అదే ఏడాది టెక్సాస్ చట్టసభ ఇళ్లకు అలాంటి ప్లాన్లు అమ్మడం నిషేధించింది. మళ్లీ తర్వాతే.

హోస్ట్: మీరైతే ఎలా పెడతారు?

అతిథి: ముందే తెలిసిన వేళలు, ముందే తెలిసిన ధరలు, పైన ఒక హద్దు. మొదటి ఏడాది రెండు లెక్కలూ బిల్లు మీద చూపించాలి, పాత పద్ధతిలో ఎంతయ్యేది, కొత్తదాంట్లో ఎంతైంది అని. వేళ మార్చుకోలేని వాళ్లుంటారు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న రోగి, పసిపిల్లలున్న ఇల్లు. వాళ్లను ఆ టారిఫ్‌లోకి బలవంతంగా నెట్టకూడదు. దూరం నుంచి కరెంటు ఆపే స్విచ్ విషయంలో అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒకప్పుడు బిల్లు కట్టకపోతే మనిషి ఇంటికి రావాలి, తలుపు తట్టాలి. వచ్చినవాడికి లోపల మంచం మీద ఉన్న ముసలాయన కనిపిస్తాడు. ఇప్పుడు ఆఫీసులో ఒక్క బటన్. బ్రిటన్‌లో బాకీ ఉన్నవాళ్ల స్మార్ట్ మీటర్లను దూరం నుంచే ప్రీపెయిడ్‌కి మార్చేసేవాళ్లు. రీచార్జ్ అయిపోతే చలికాలంలో ఇల్లు చీకటి. బలవంతంగా ప్రీపెయిడ్ మీటర్లు పెట్టడం మీద దుమారం రేగి 2023 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ దాన్ని ఆపించింది, ఎవరి ఇళ్లలో ఇలా చేయకూడదో తర్వాత నిబంధనలు రాశారు. ఇది నాకు కోపం తెప్పించే విషయం. స్విచ్ డిజైన్ చేసిన రోజే రాయాల్సిన నిబంధన అది.

హోస్ట్: ఆ స్విచ్ వేరేవాళ్ల చేతికి చిక్కితే?

అతిథి: 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో అదే జరిగింది. హ్యాకర్లు నెలల ముందే ఈమెయిల్ అటాచ్‌మెంట్లతో మూడు పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి దూరారు. ఆ రోజు కంట్రోల్ రూమ్‌లో ఒక ఆపరేటర్ చూస్తుండగానే తెర మీద మౌస్ బాణం దానంతట అదే కదిలింది. ఒక సబ్‌స్టేషన్ బ్రేకర్, అంటే లైనును కలిపే, విడదీసే పెద్ద స్విచ్ మీదికి వెళ్లి దాన్ని ఆపేసింది. తర్వాత ఇంకోటి. ఆయన మౌస్ లాక్కుంటే అది వినలేదు, హ్యాకర్లు ఆయన్ని లాగౌట్ చేసేసి పాస్‌వర్డ్ మార్చేశారు. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఫిర్యాదు చేయడానికి వీల్లేకుండా కాల్ సెంటర్‌ను కూడా దొంగ కాల్స్‌తో ముంచేశారు.

హోస్ట్: ఎలా తేరుకున్నారు?

అతిథి: సిబ్బంది వాహనాలేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్లి, బ్రేకర్లు చేత్తో వేశారు. కొన్ని గంటల్లోనే కరెంటు వచ్చింది. వాళ్లకు చేత్తో వేయడం తెలుసు కాబట్టి, చేత్తో వేసే వీలున్న పాత బ్రేకర్లు ఉన్నాయి కాబట్టి. ఇక్కడే విధానపరమైన ప్రశ్న వస్తుంది. అంతా ఆటోమేటిక్ చేసి సిబ్బందిని తగ్గిస్తే, అది ఆదా కింద చూపిస్తారు. ఆ చేతి నైపుణ్యాన్ని నిలబెట్టడానికి, ఏడాదికోసారి కంప్యూటర్లు కట్టేసి డ్రిల్ చేయడానికి అయ్యే ఖర్చును టారిఫ్‌లో ఒప్పుకోవాలి. లేకపోతే ఏ సంస్థా చేయదు.

హోస్ట్: భద్రత నియమాలు సంస్థల ఇష్టానికి వదిలేస్తే?

అతిథి: అమెరికాలో ఆ ప్రయోగం కూడా అయిపోయింది. 2003 ఆగస్టు 14న ఒహాయోలో ఒక కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ఆగిన సంగతి ఆపరేటర్లకు తెలియదు. అలారాలు లేవు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. బయట లైన్లు వేలాడి చెట్లకు తగిలి ఒక్కొక్కటిగా ట్రిప్ అవుతున్నాయి. ఆ సాయంత్రానికి అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందికి కరెంటు లేదు. సిబ్బందికి శిక్షణ లాంటి ప్రమాణాలు అప్పటికే ఉన్నాయి, కానీ స్వచ్ఛందం. 2005 చట్టంతో తప్పనిసరి అయ్యాయి, 2007 నుంచి జరిమానాలతో అమల్లోకి వచ్చాయి. అయితే ఆ నియమాలు ట్రాన్స్‌మిషన్, అంటే విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే పెద్ద లైన్ల వైపుకే. పంపిణీ వైపు రాష్ట్రాల పరిధి. ఇవాళ హ్యాకర్‌కి దొరికే పరికరాల్లో ఎక్కువ భాగం పంపిణీ వైపే ఉన్నాయి, ఇంకా చెప్పాలంటే జనం ఇళ్లలో ఉన్నాయి. ఇంట్లో ఇన్వర్టరు తయారీదారు సర్వర్‌తో మాట్లాడుతుంది. దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కి ఎవరు పూచీ? గ్రిడ్ సంస్థ కాదు, ఇంటి యజమానికి తెలియదు. ప్రస్తుతం నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది దీని గురించే.

హోస్ట్: ఒక శ్రోత పంపిన ప్రశ్నతో ముగిద్దాం. “మా ఇంటికి స్మార్ట్ మీటరు పెడతామంటున్నారు. నేను ఏమడగాలి?”

అతిథి: వద్దనమని నేను చెప్పను. ఎన్ని నిమిషాలకోసారి రీడింగు తీస్తారో అడగండి, అది ఎవరెవరికి వెళ్తుందో రాతపూర్వకంగా ఇమ్మనండి. మీ రీడింగులు మీకు ఎలా చూపిస్తారో అడగండి. కరెంటు ఆపేముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, రాత్రిపూట, సెలవు రోజుల్లో ఆపుతారా అన్నది అడగండి. కొన్నాళ్లు పాత మీటరును పక్కనే ఉంచి రెండూ పోల్చి చూపించమని కోరండి, బిల్లు మీద నమ్మకం కుదరడానికి అంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు. జవాబు రాకపోతే టారిఫ్ మీద నియంత్రణ మండలి పెట్టే బహిరంగ విచారణకు వెళ్లండి. ఆ విచారణల్లో వ్యాపార సంస్థల తరఫున లాయర్లు కనిపిస్తారు, ఇళ్ల తరఫున కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మీరు రాసిచ్చిన అభ్యంతరం ఒక్క పేజీ అయినా దానికి ఉత్తర్వులో సమాధానం రాయాల్సి వస్తుంది.

హోస్ట్: చాలా థాంక్స్ సర్. వచ్చే ఎపిసోడ్‌లో గ్రిడ్ బ్యాటరీల గురించి మాట్లాడుకుందాం. అవి ఉత్పత్తి కిందికి వస్తాయా, వాడకం కిందికి వస్తాయా అన్న తగాదా చాలా దేశాల్లో నడుస్తోంది. దాని మీద ప్రశ్నలుంటే పంపండి.

అతిథి: పంపండమ్మా. ముఖ్యంగా ఇంట్లో బ్యాటరీ ఉన్నవాళ్లు, దాన్ని గ్రిడ్‌కి కలపడానికి ఏమేం కాగితాలు అడిగారో రాస్తే నాకు ఉపయోగం.